రాయి వద్దని రాశాను

మట్టెవాడ, వరంగల్
14 జూన్ 1982

అన్నకు, వదినెకు లిదియా వందనాలు.

ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరంలో తప్పులుంటాయి. అక్షరాలు కోడి కాళ్లతో గీరినట్టుంటాయి. అమ్మ మంచం పట్టినప్పుడు ఐదో తరగతితో నా బడి ఆగిపోయిన సంగతి నీకు తెలుసు. నువ్వు ఐటీఐ దాకా చదివినవాడివి. జర ఓపికతో చదువు. నవ్వొస్తే వదినె ముందు మాత్రం నవ్వకు.

ఇక్కడ అందరం ప్రభువు దయ వల్ల బాగున్నాం. అత్తమ్మకు షుగరు తగ్గలేదు. చెప్పులు వేసుకోమని మీ బావ ఎంత మొత్తుకున్నా ఇంట్లో వేసుకోదు. మీ బావ దవాఖాన, ఇల్లు తప్ప మూడో చోటు ఎరగడు. కంపౌండరు పని చేసీ చేసీ శుభ్రం పిచ్చి పట్టుకుంది. పొద్దున లేవగానే చీపురు తీసుకొని ఇంటి వెనక స్నానాల బండ చుట్టూ ఊడుస్తాడు. నేను లాక్కోబోతే ఇవ్వడు. అత్తమ్మ గోడ అవతలి వాళ్లకు వినపడేటట్టు, "మొగోనితోని ఊడ్పిచ్చుకుంటాన్నవు, సిగ్గనిపిస్తలేదా పిల్లా" అంటుంది. ఊడ్చేది ఆయన, మాటలు పడేది నేను. ఇదెక్కడి న్యాయం?

ఇక అసలు సంగతి. అన్నా, నేను కత్తులు చేస్తున్నాను.

భయపడకు. కూరగాయలు తరుక్కునేవి, చేపలు కోసుకునేవి, చిన్నవి. మా వెనక వీధిలో వడ్రంగులు విరిగిన రంపాలు పారేస్తారు. ఆ రేకు మంచి ఉక్కు. దాన్ని కత్తి ఆకారానికి కోసి, ఆకురాయితో రాకి రాకి అంచు తీస్తాను. టేకు ముక్కలు రెండు వైపులా పెట్టి రివిట్లు కొడితే పిడి. మీ బావ డ్యూటీలో, అత్తమ్మ ఆడవాళ్ల ప్రార్థన కూటంలో ఉన్నప్పుడు స్నానాల బండ మీద కూర్చొని చేస్తాను. అయిపోగానే గుడ్డలో చుట్టి కట్టెల కింద పెడతాను. మా పక్క వీధి కమలకు తప్ప ఎవరికీ తెలియదు.

ఎందుకు అని మాత్రం అడగకు. అమ్మడానికి కాదు. నువ్వు ఊరికి వచ్చినప్పుడల్లా ధర్మసాగర్ చెరువు కట్ట మీద గాలం వేసుకొని కూర్చుంటావు. చేపలు అమ్ముకోవడానికా? నిన్ను ఎవరైనా అడిగారా? ఇదీ అంతే.

ఇప్పుడు నా బాధ చెప్తాను. ఆకురాయితో ఒక్క కత్తికి వీపు నుంచి అంచు దాకా సన్నబడేటట్టు రెండు వైపులా వాలు తీయాలంటే మణికట్టు వాచిపోతుంది. ఒక వైపు లావు, ఒక వైపు సన్నం వస్తుంది. సైకిల్ షాపులో గుండ్రటి సానరాయి ఉంటే కమల వాళ్లాయనతో ఒకటి పట్టించి చూశాను. అంచు నీలం రంగు తిరిగింది. నీలం తిరిగిందంటే ఉక్కు మెత్తబడ్డట్టే. టమాటా మీద కూడా జారింది. పైగా గుండ్రటి రాయి కదా, వాలు గుంట పడింది. మంచి ముక్క పాడైంది.

తర్వాత యాదగిరి అన్న దుకాణంలో పట్టా మిషను చూశాను. ఆయన ఇనుప కుర్చీలు, బీరువాలు చేస్తాడు. రెండు చక్రాల మీద గరుకు గుడ్డ పట్టా తిరుగుతుంది, వెనక చదునుగా ఇనుప పలక ఉంటుంది. కమల అడిగితే నవ్వి, నా ముక్కను దాని మీద పెట్టాడు. ఒక తాలింపు వేసేంత సేపట్లో వాలు మొత్తం గీత గీసినట్టు వచ్చింది. మధ్యలో నీళ్లలో ముంచుతూ చేశాడు. చేత్తో పట్టుకుంటే అన్నం ముద్దంత వేడి, అంతే. ఆ రోజంతా మనసు ఆ మిషను మీదే, నాకు అన్నం సయించలేదు.

కానీ ఆయనది పెద్ద మిషను, మూడు ఫేజుల కరెంటుది. నాకు ఇంటి కరెంటు మీద నడిచే చిన్నది కావాలి. నువ్వు ఫ్యాక్టరీలో ఫిట్టరువి. అటువంటివి హైదరాబాదులో దొరుకుతాయా, పాతదైతే ఎట్లా చూసుకోవాలి, పట్టాలు వరంగల్‌లో దొరికే కొలతే ఉండాలి కదా, ఇవన్నీ రాయి. పెళ్లప్పుడు బాపు ఇచ్చిన మేకను, దాని పిల్లలను అమ్మాను. ఆ డబ్బులో వచ్చేది చూడు. రాయి మిషను మాత్రం వద్దు.

జవాబు కమల ఇంటి చిరునామాకు రాయి, కింద ఇస్తున్నాను. ఇంటికి వచ్చిన ఉత్తరం అత్తమ్మ పోస్టుమ్యాన్‌తో చదివించుకుంటుంది. చదివాక దీన్ని కాల్చేయి.

నీ చెల్లె
లిదియా


హైదరాబాదు
25 జూన్ 1982

బావ యోసేపు గారికి సుందర్ రావు వందనాలు.

చెల్లె రాసిన ఉత్తరం అందింది. జవాబు ఎవరో కమల ఇంటికి రాయమంది. పెళ్లైన ఆడపిల్లకు పరాయి ఇంటి మీదుగా ఉత్తరాలు రాయడం మా ఇంటి పద్ధతి కాదు. కనుక మీకే రాస్తున్నాను.

బావా, మనం మనం ఒక ఇంటివాళ్లం. కష్టం దాచుకోవలసిన పని లేదు. మేకను అమ్మారని, తెల్లారి మీరు ఇంటి దగ్గరే ఉండి వాకిలి ఊడుస్తున్నారని చదివాక నాకు విషయం అర్థమైంది. ఉద్యోగం పోవడం ఎవరికైనా జరుగుతుంది. కత్తులకు సాన పట్టి బతకడం తక్కువ పని కాదు. కానీ ఆ మాట చెల్లెతో రాయించడం ఎందుకు? మీరే రాయవచ్చు.

పట్టా మిషను ఆలోచన మానుకోండి. కంపెనీది స్కూటరంత ఖరీదు. పట్టాలు తరచూ అరుగుతాయి. సాన పట్టేవాడికి మోటారుకు అటొకటి ఇటొకటి సానరాయి తిరిగే రెండు రాళ్ల మిషను చాలు. మా ఫోర్‌మన్ కూడా అదే అన్నాడు. ఎంత ఖర్చైనా నేను చూసుకుంటాను. చెల్లెను మాత్రం ఈ పనుల్లోకి దింపకండి.

అత్తగారికి వందనాలు.

మీ
సుందర్ రావు


మట్టెవాడ
3 జూలై 1982

సుందర్ రావు అన్నకు లిదియా రాయునది.

నువ్వు చేసిన పనికి ఏమనాలో నాకు తెలియడం లేదు. నేను నీకు రాశాను. నువ్వు మా ఇంట్లో అందరికీ రాశావు.

ఉత్తరం వచ్చినప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. అత్తమ్మ అరుగు మీద ఉంది. పోస్టుమ్యాన్ కవరు చించి, పాదిరి గారు వాక్యం చదివినట్టు గట్టిగా మొదలుపెట్టాడు. ఉద్యోగం పోవడం అన్న మాట దగ్గర అత్తమ్మ లేచి నిలబడింది. మిగతాది వినలేదు. కాళ్లకు చెప్పులు లేవు, ఎండ మండిపోతుంది, అట్లాగే దవాఖానకు పరుగు తీసింది. నేను వెనకాల పోతూ చెప్పులు చేత్తో పట్టుకొని పిలుస్తూనే ఉన్నాను. దారిలో కనపడిన వాళ్లందరికీ, "నా కొడుకు నౌకరి పోయిందట, నాకు చెప్పలే" అని చెప్పుకుంటూ పోయింది.

మీ బావ కిటికీ వెనక నిలబడి సీసాలో ఎర్ర మందు పోస్తున్నాడు. ముందు రోగుల వరస ఉంది. అత్తమ్మ ఆ వరసలో అందరినీ నెట్టుకొని పోయి ఆయన చెయ్యి పట్టుకుంది. మందు అంగీ మీద ఒలికింది. పెద్ద డాక్టరమ్మ బయటికి వచ్చి ఏమిటి గొడవ అని అడిగింది. నౌకరి నిజంగా ఉందా లేదా అని అత్తమ్మ ఆమెనే అడిగింది. ఆమె ఉందంటే గాని కూర్చోలేదు. నేను గుమ్మం బయట చెప్పులు పట్టుకొని నిలబడ్డాను. భూమి చీలితే బాగుండు అనిపించింది.

ఇంటికి వచ్చాక ఉత్తరం మళ్లీ చదివించింది. అప్పుడు సాన పట్టడం, మిషను మాట బయటికి వచ్చాయి. మిషను ఎవరు అడిగారు అని అత్తమ్మ అడిగింది. మీ బావ ఉత్తరం తీసుకొని పైనుంచి కిందికి చదివి, మడిచి జేబులో పెట్టుకొని, "నేనే అడగమన్ననమ్మా. ఊకె సరదాకు" అన్నాడు.

అన్నా, ఆయనకు ఆ సంగతే తెలియదు. నా కోసం తల్లి ముందు అబద్ధం చెప్పాడు. తర్వాత నన్ను ఒక్క మాట అడగలేదు. కోప్పడితే ఏడ్చి చెప్పేసేదాన్ని. అడిగితే చెప్పేదాన్ని. అన్నం తిని, ఎప్పటిలాగే పడుకొని, పొద్దున లేచి చీపురు పట్టుకున్నాడు. నాకు ముద్ద దిగడం లేదు.

విను, ఈసారి సరిగ్గా చదువు. ఆయన నౌకరి ఉంది. మేకను అమ్మింది నేను. కత్తులు చేసేది నేను. మిషను కావాలన్నది నేను. ఊడ్చేది ఆయన అలవాటు, దానికీ దీనికీ సంబంధం లేదు. రాయి మిషను వద్దని రాశాను. ఎందుకు వద్దో కూడా రాశాను. ఆ ముక్క నీ ఫోర్‌మన్‌కు చదివి వినిపించావా? లేక మిషను కావాలన్నది ఆడది కాబట్టి దాని వెనక మగవాడు ఉండే ఉంటాడని నువ్వే అనుకున్నావా?

ఈసారైనా కమల ఇంటికి రాయి. ఇది కాల్చేయి. మొదటిది కూడా.

లిదియా


హైదరాబాదు
19 జూలై 1982

చెల్లె లిదియాకు,

నీ కోసం మొదటిసారి పద్ధతి తప్పి కమల ఇంటికి రాస్తున్నాను. నీ ఉత్తరం మీ వదినె, నేను ఇద్దరం చదివాం. మీ వదినె ఏడ్చింది. మొగుడి పరువు కాపాడడానికి నింద నెత్తిన వేసుకున్న ఆడపిల్ల అని నిన్ను మెచ్చుకుంది.

నువ్వు ఇంత రాసినా నాకు నమ్మకం కలగడం లేదు. రంపం రేకు కోసి, వాలు తీసి, రివిట్లు కొట్టి కత్తి చేయడం నువ్వెక్కడ నేర్చావు? మన ఇంట్లో నీకు బల్బు మార్చడం కూడా రాదు. డాక్టరమ్మ దాక్షిణ్యానికి ఉంది అని చెప్పి ఉండవచ్చు. తెల్లారి లేచి ఏ పనీ లేని మగవాడే ఊడుస్తాడు.

నీకు ఇబ్బంది కలగకుండా రెండు రాళ్ల మిషను కొని లారీ పార్సిలులో బావ పేరు మీద పంపించాను. అర హార్స్‌పవర్ మోటారు, ఇంటి కరెంటుకు సరిపోతుంది. ఇది అన్న ఇచ్చిన కానుక అనుకోండి. బావకు చెప్పు, ముందు వీధిలో వాళ్ల గొడ్డళ్లు, కత్తిపీటలు సాన పట్టి ఇస్తే పని అదే వస్తుంది.

నీ మేలు కోరే
సుందర్ రావు


మట్టెవాడ
8 ఆగస్టు 1982

అన్నా,

పార్సిలు వచ్చింది. ఎట్లా వచ్చిందో చెప్తాను, నీ కడుపు నిండుతుంది.

హమాలీ దాన్ని వాకిట్లో దించగానే వీధి మొత్తం చేరింది. అత్తమ్మ ఈసారి పరుగు తీయలేదు. బావమరిది పంపిన మిషను అని, కొడుకు నౌకరి పోలేదని ఊరంతా చెప్పుకోవడానికి ఆమెకు సందు దొరికింది. నా కొడుకు సరదాకు సాన పడతాడు, పైసలు తీసుకోడు, తెచ్చుకోండి అని చాటింపు వేసింది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి వాకిట్లో గొడ్డళ్లు, కొడవళ్లు, కత్తిపీటలు, మంగలి పెట్టె కూడా ఒకటి.

మీ బావకు సూది మందు ఇవ్వడం వచ్చు. కట్టు కట్టడం వచ్చు. సానరాయి ముందు ఎట్లా నిలబడాలో తెలియదు. అయినా తల్లి మాట పోకూడదని నిలబడ్డాడు. నిప్పు రవ్వలు లేచినప్పుడల్లా కళ్లు మూసుకుంటున్నాడు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. ప్రతి తప్పూ నాకు కనపడుతూనే ఉంది. అంత గట్టిగా అదమొద్దు, నీళ్లలో ముంచు, ముంచు అని లోపల్లోపల అనుకుంటూ కొంగు నోట్లో కుక్కుకున్నాను. పది మంది మగవాళ్ల ముందు నా నోరు లేవదు. నా సంగతి నీకు తెలుసు.

గొడ్డళ్లకు ఏమీ కాలేదు, అవి మొద్దువి. కానీ మా ఎదురింటి మొగిలమ్మ చేపలు అమ్ముతుంది. ఆమె తన కత్తి ఇచ్చింది. సన్నటి అంచు, ఎన్నో ఏండ్ల నుంచి చేతికి అలవాటైన కత్తి. అది నెమలి మెడలాగా నీలం తిరిగింది. మరునాడు పొద్దున బజారులో బొచ్చె చేప పొలుసు మీదనే అంచు మడత పడింది. గంప దించకుండానే మా వాకిట్లోకి వచ్చి, "ఏం కంపౌండరువయ్యా నువ్వు. నా కత్తి పాణం తీస్తివి. మనుషులకు గూడ గిట్లనే మందు పోస్తాన్నవా?" అంది. వీధి నవ్వింది. మీ బావ చేతులు కట్టుకొని తల వంచుకొని విన్నాడు.

ఆయన ఎందుకు మాటలు పడాలి అన్నా? నేను ఒకటి అడిగాను. నువ్వు ఇంకొకటి పంపావు. అది కూడా నాకు కాదు, ఆయనకు. ఆయన అడగనే లేదు. రాయి మీద సన్నటి అంచు కాలుతుందని మొదటి ఉత్తరంలోనే రాశాను. నా అక్షరాలు వంకర అయితే నా మాట కూడా వంకరేనా? బల్బు మార్చడం రాదని రాశావు. మన ఇంట్లో నన్ను ఎప్పుడు మార్చనిచ్చావు? స్టూలు నువ్వే ఎక్కేవాడివి. నేను కింద పట్టుకునేదాన్ని.

మొగిలమ్మకు నా దగ్గర ఉన్నవాటిలో మంచి కత్తి కమలతో పంపించాను. ఎక్కడో కొన్నదని కమల ఆమెకు చెప్పింది. మొగిలమ్మ దాన్ని చూసి ఇది ఏ ఊరి పనితనం అని అడిగిందట. నాకు ఎంత సంతోషమైందో, అది చెప్పుకోలేనందుకు అంత కడుపు మండింది.

నీ మిషను మూలకు ఉంది. మీద గోనె సంచి కప్పాము. కాల్చేయమని మళ్లీ చెప్పాలా?

లిదియా


హైదరాబాదు
20 ఆగస్టు 1982

లిదియాకు,

అన్నను ఇట్లా నిలదీసి రాస్తావని అనుకోలేదు. సరే, కత్తులు నువ్వే చేస్తున్నావని ఒప్పుకుంటాను. మొగిలమ్మ కత్తి సంగతి చదివాక ఒప్పుకోక తప్పలేదు. అంచు కాలడం గురించి అంత వివరంగా చూసినవాళ్లే రాస్తారు.

కానీ పట్టా మిషను ఎందుకు వద్దన్నానో నీకు రాయలేదు. ఖరీదు ఒక సాకు. మా ఫ్యాక్టరీలో రాజమల్లు అని నాతో పాటే చేరినవాడు ఉన్నాడు. పట్టా మీద పని చేస్తుంటే అది వాడి అంగీ చేతిని లోపలికి లాగింది. స్విచ్చు నేనే ఆపాను. అప్పటికే ఆలస్యమైంది. ఇప్పుడు వాడు ఒంటి చేత్తో గేటు దగ్గర కాపలా కూర్చుంటాడు. పట్టా అనే మాట నీ ఉత్తరంలో చూడగానే నాకు చీర కొంగు, జడ, గాజులు కనిపించాయి. రాయికి కనీసం మీద మూత ఉంటుంది.

ఇంకొకటి. అసలు ఆడపిల్ల ఇట్లా ఇనుముతో ఎందుకు తంటాలు పడుతుంది? ఇంట్లో ఇబ్బంది లేకపోతే పడదు. బావ నౌకరి పోకపోతే జీతమైనా ఆగి ఉంటుంది. బాపుకు అంతా రాశాను. ఆయన, పెదనాయన వచ్చి బావతో మాట్లాడతారు. పరిస్థితి బాగుపడేదాకా నువ్వు వాళ్లతో ధర్మసాగర్ వెళ్లి ఉండు. ఎదురు చెప్పకు.

సుందర్ రావు


మట్టెవాడ
26 సెప్టెంబరు 1982

అన్నకు, వదినెకు వందనాలు.

ఈసారి తప్పులకు క్షమించమని అడగను. అర్థం కాకపోతే రెండుసార్లు చదువుకో.

బాపు, పెదనాయన వచ్చి వెళ్లారు. పోయిన శనివారం పొద్దుటి బస్సుకు తెల్ల తలపాగాలు కట్టుకొని, పంచాయితీకి వచ్చినట్టే వచ్చారు. అత్తమ్మ చాప వేసి, చాయ్ పెట్టమంది. బాపు చాయ్ ముట్టలేదు. మీ బావ డ్యూటీకి పోవడానికి తెల్ల కోటు వేసుకొని నిలబడి ఉన్నాడు. ఆయన కోటును చూస్తూనే బాపు అడిగాడు.

"అల్లుడా, నౌకరి పోతే పోయింది. మాకొక మాట చెప్పొద్దా? పిల్లతోని ఇనుము రాకిపిస్తాన్నవట. కొన్ని దినాలు మేం తీస్కపోతం."

అన్నా, అత్తమ్మ ఎట్లాంటిదో నీకు ఎప్పుడూ మంచిగా రాయలేదు. ఆ రోజు ఆమెను చూడవలసింది. ఆమెకు నా కత్తుల సంగతి అప్పటికీ తెలియదు. బాపు ఏమంటున్నాడో సగమే అర్థమైంది. అయినా లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఎవని నౌకరి పోయింది? నేను డాక్టరమ్మనే అడిగిన. మీ కొడుకు ఉత్తరం రాస్తే మా బతుకు ఆగమైతదా? పిల్ల మా ఇంటిది. ఎట్ల తీస్కపోతరో నేను గూడ చూస్త" అంది. పెదనాయన తగ్గమన్నాడు. ఆమె తగ్గలేదు. బాపు లేచాడు. మీ బావ మధ్యలో నిలబడి, మామా, తప్పు నాదే, నేనే సరదాపడ్డాను అని మళ్లీ అదే అబద్ధం మొదలుపెట్టాడు.

నాకు ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు. ఆ మనిషి నా కోసం ఇంకెన్నిసార్లు తల వంచుకోవాలి అనిపించింది. వెనక్కి పోయి కట్టెలు పక్కకు తోసి, గుడ్డ మూట తెచ్చి చాప మీద విప్పాను. కత్తులన్నీ బాపు కాళ్ల ముందు పడ్డాయి.

"ఆయన చెయ్యలే బాపూ. నేను చేసిన. మేకను నేనే అమ్మిన. ఉత్తరం నేనే రాసిన. జీతం నెలనెలా వస్తాంది. నాకేం తక్కువ లేదు. నాకు ఇష్టమై చేసిన. ఆయనకు ఇవేం తెల్వవు."

అప్పుడు మీ బావ మెల్లగా, "తెల్సు మామా. ఏడాది సంది తెల్సు" అన్నాడు.

నేను ఆయన ముఖం చూశాను. ఆయన చూరు వైపు చూస్తున్నాడు.

బాపు కూర్చున్నాడు. ఒక కత్తి తీసుకొని బొటనవేలితో అంచు చూశాడు. జేబులోంచి పొగాకు కాడ తీసి, చాప మీద పెట్టి సన్నగా తరిగాడు. ఇంకా సన్నగా తరిగాడు. పెదనాయన తనకూ ఇమ్మని చెయ్యి చాపితే ఇవ్వలేదు. చల్లారిన చాయ్ తాగాడు. అత్తమ్మ ఒక కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, మొగిలమ్మ చేతిలో ఉన్నది కూడా నీదేనా అని అడిగింది. అవునంటే, "మరి నా కొడుకుతోని తిట్లెందుకు తినిపిచ్చినవే పిల్లా" అంది. అంత తిట్టి, మధ్యాహ్నం మొగిలమ్మ దగ్గరికి పోయి ఆ పనితనం మా ఇంటిదే అని చెప్పి వచ్చింది. బాపు పోయేటప్పుడు కత్తి తీసుకుంటాను అని అనలేదు. కానీ అది ఆయన రొండిన ఉంది.

ఇప్పుడు మిషను సంగతి. మరునాడు ఆరాధన కాగానే మీ బావ నీ రాళ్ల మిషనును సైకిల్ క్యారియర్ మీద కట్టి, యాదగిరి అన్న దగ్గరికి పోదాం రా అన్నాడు. నేను వెనకాల నడిచాను. ఏం కావాలో నువ్వే చెప్పు అని ఆయన పక్కకు నిలబడ్డాడు. నేను చెప్పాను. నేలను చూస్తూనే చెప్పాను, కానీ చెప్పాను. యాదగిరి అన్న ఒక వైపు రాయి ఊడదీసి అక్కడ చక్రం వేశాడు. పైకి ఇనుప కడ్డీ నిలబెట్టి దానికి చిన్న చక్రం పెట్టాడు. పట్టా బిగువుగా ఉండటానికి సైకిల్ స్టాండు స్ప్రింగు. మధ్యలో చదును పలక. గరుకు గుడ్డను ఏటవాలుగా కోసి అతికించి పట్టా చేశాడు, అది వరంగల్‌లో ఎక్కడైనా దొరికే గుడ్డే. కొత్త మిషను ఖరీదులో పావు వంతు కూడా కాలేదు. నేను అడిగింది ఇదే అన్నా. ఇంతే అడిగాను.

నీ మోటారు మంచిది. ఆ మాట ఒప్పుకుంటాను. అంతమాత్రాన నువ్వు చేసింది సరైందని అనుకోకు. రెండో వైపు రాయి ఉంచాం, వీధి వాళ్ల గొడ్డళ్లకు. ఆ పనికి అత్తమ్మ వాళ్లను పిలుస్తుంది, నేను చేస్తాను. ఆమె ఎవరినీ సన్నటి కత్తి దాని మీద పెట్టనివ్వదు.

రాజమల్లు సంగతి రెండుసార్లు చదివాను. అది మొదటి ఉత్తరంలో రాసి ఉంటే నీ మీద ఇంత కోపం వచ్చేది కాదు. నువ్వు భయపడ్డావని రాయడానికి సిగ్గుపడి, ఫోర్‌మన్ అన్నాడని, పద్ధతి కాదని, బావ నౌకరి పోయిందని ఎన్ని రాశావు! మిషను దగ్గర కూర్చునేటప్పుడు మీ బావ పాత కోటు వేసుకుంటున్నాను, చేతులు మోచేతి పైకి కుట్టేశాను. జడ ముడి వేసి గుడ్డ కడతాను. గాజులు తీసి గూట్లో పెడతాను. మొదటి రోజు అత్తమ్మ ముఖం తిప్పుకుంది, ఇప్పుడు ఆమే గుర్తు చేస్తుంది. పట్టాకు నాకు మధ్య రేకు అడ్డం ఉంది. స్విచ్చు మోకాలికి అందుతుంది. ఇంకేమైనా జాగ్రత్తలు ఉంటే రాయి. నా పేరు మీద రాయి. కవరు మీద లిదియా, మట్టెవాడ అని ఉండాలి. పోస్టుమ్యాన్‌కు చెప్పి పెట్టాను.

వదినెకు చేపల కత్తి ఒకటి పంపిస్తున్నాను. నువ్వు గాలం వేసి పట్టినవి ఆమె కోస్తుంది కదా.

ఇంకొక్క సంగతి ఉంది. ఇది నీకు తప్ప ఎవరికీ రాయలేను.

ఏడాది నుంచి ఎట్లా తెలుసు అని మీ బావను అడిగాను. చెప్పడానికి సిగ్గుపడ్డాడు. ఒకరోజు స్నానాల బండ దగ్గర ఆయన మడమకు ఏదో గుచ్చుకుందట. తీసి చూస్తే రాకినప్పుడు రాలే ఇనుప రజను. వెతికితే కట్టెల కింద మూట కనిపించిందట. అత్తమ్మ చెప్పులు వేసుకోదు. షుగరున్న కాలికి గాయమైతే మానదని ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? నాకు ఆ ఆలోచనే రాలేదు. చేయొద్దు అని ఒక్క మాట అంటే మానేసేదాన్ని. అనలేదు. మరునాటి నుంచి చీపురు పట్టుకున్నాడు. తల్లి కాలు పెట్టక ముందే లేచి ఊడ్చేవాడు. మొగోనితో ఊడ్పించుకుంటున్నావని ఆమె నన్ను అంటుంటే విని ఊరుకునేవాడు. చెప్తే నా కత్తులు బయట పడతాయి కదా.

నువ్వేమో పని లేని మగవాడే ఊడుస్తాడు అని రాశావు.

ఇప్పుడు నేనే ఊడుస్తున్నాను. రజను కింద పడకుండా తడి గోనె పరుస్తున్నాను. అయినా పొద్దున నేను లేచేసరికి ఆయన అక్కడ వంగి చూస్తూ ఉంటాడు.

తన కాళ్ల కోసమే కొడుకు ఏడాది పాటు చీపురు పట్టాడని తెలిస్తే అత్తమ్మ తట్టుకోలేదు. నన్ను అన్న మాటలన్నీ ఆమెకే తిరిగి తగులుతాయి. ఆమె నా కోసం గుమ్మానికి అడ్డం నిలబడింది. నా పాత ఉత్తరాలు నువ్వు కాల్చలేదని నాకు తెలుసు, వాటిని ఉంచుకుంటే ఉంచుకో. కానీ ఆమె కోసం దీన్ని మాత్రం చదవగానే పొయ్యిలో పెట్టు. వదినెకు కూడా ఇవ్వకు, నీ ఎదురుగా పూర్తిగా కాలేదాకా నిలబడు.

లిదియా